చెంబు మూతి

ఏడో తరగతిలో ఒకరోజు మా డ్రాయింగు మాస్టారు బల్ల మీద స్టూలు వేసి, దాని మీద ఇత్తడి చెంబు పెట్టి, చూసి గీయమన్నారు. నేను ముందుగా మూతి గీశాను. గాజు పెట్టి తిప్పినట్టు గుండ్రంగా వచ్చింది. సంబరపడుతుంటే మాస్టారు వెనకనుంచి వచ్చి, రబ్బరు తీసుకుని దాన్ని చెరిపేశారు. “అది నీకు గుండ్రంగా కనపడుతోందట్రా? గుండ్రమని నీకు తెలుసు, అందుకని గీశావు. కళ్లకు కనపడింది గీయి” అన్నారు. నా భుజం పట్టుకుని, కళ్లు చెంబు మూతికి సమంగా వచ్చేదాకా కిందికి వంచారు. గుండ్రం సన్నబడి సన్నబడి ఒక గీతైపోయింది. బెంచీ ఎక్కించి పైనుంచి చూడమన్నారు. పూర్తి గుండ్రం. దిగి నా చోట్లో కూర్చుంటే అదీ ఇదీ కాని కోడిగుడ్డు ఆకారం.

ఆ రోజు నా చెంబు సరిగా రాలేదు. మూతి మాత్రం మనసులో ఉండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో ఇటలీ చిత్రకారుడు జోర్జో మొరాందీ వేసిన సీసాల బొమ్మలు చూసినప్పుడు నా చూపు ముందు వాటి మూతుల మీదికే పోయింది. వాటిలో ఎన్నో మూతులు దాదాపు గీతలే. మాస్టారు నన్ను వంచిన ఎత్తుకే ఈయనా వంగి చూశాడని అర్థమై ఒళ్లు ఝల్లుమంది. అక్కణ్నుంచి వెతుకుతూ పోతే, పోయిన శతాబ్దం నడిమి రోజుల్లో ఇదే మూతితో జీవితమంతా పెనుగులాడినవాళ్లు ఇంకా కనిపించారు. జగ్గులు గీసిన బెన్ నికల్సన్, పెనాలు గీసిన విలియం స్కాట్. ముగ్గురి బొమ్మల్లోనూ గిన్నెలు, సీసాలు క్రమంగా చతురస్రాలు, వలయాలు, పట్టీలు అయిపోతాయి. దాన్నే విమర్శకులు జ్యామితీయ నైరూప్యత అంటారు.

నైరూప్య చిత్రం అనగానే మనలో చాలామందికి ఒక దూరం. నాలుగు డబ్బాలు, మూడు రంగులు, అర్థం కాని పేరు. ఎగ్జిబిషన్‌లో ఆ గోడ దగ్గర ఎవరూ ఆగరు. నాకూ ఒకప్పుడు అంతే. ఆ డబ్బాలు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలిశాక ఆ దూరం పోయింది. అవి లెక్కల పుస్తకంలోంచి ఊడిపడినవి కావు, వంటింట్లోంచి వచ్చాయి. ఒకే జగ్గును ముప్పై నలభై ఏళ్లు చూస్తే జగ్గుతనం కరిగిపోయి మిగిలేవే ఆ గీతలు.

గిన్నెలు, పళ్లు, సీసాలు పెట్టి వేసే బొమ్మను మన ఆర్టు కాలేజీల్లో స్టిల్ లైఫ్ అంటారు. ఇటలీ భాషలో దాని పేరు నతూరా మోర్తా, అంటే చచ్చిన ప్రకృతి. ఐరోపాలో చాలాకాలం దీన్ని చిత్రకళలో అట్టడుగు తరగతిగా చూశారు. యుద్ధాలు, పురాణాలు, రాజులు పై మెట్టు. కుండలు, కూరగాయలు కింది మెట్టు. పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లో షార్దాఁ అనే చిత్రకారుడు ఒక రాగి గిన్నెకు రాజుగారికిచ్చినంత మర్యాద ఇచ్చాడు. ఆ తర్వాత సెజాన్ వచ్చాడు. ప్రకృతిని స్థూపంగా, గోళంగా, శంఖువుగా చూడమని 1904లో ఎమిల్ బెర్నార్ అనే కుర్ర చిత్రకారుడికి ఉత్తరం రాశాడు. ఆయన ఆపిల్ పళ్ల బల్లలు మనవైపు కాస్త ఒరిగి ఉంటాయి, పళ్లు దొర్లిపడతాయేమో అనిపిస్తుంది. ఆ ఒరుగును పట్టుకునే పికాసో, బ్రాక్ ఒకే గ్లాసును ముందునుంచీ పైనుంచీ ఒకేసారి చూపించడం మొదలుపెట్టారు. క్యూబిజం పుట్టింది.

మనకు చండీగఢ్ కట్టిపెట్టిన వాస్తుశిల్పిగా తెలిసిన లె కార్బూజియే కూడా ఈ దారిన నడిచినవాడే. 1918లో ఒజాంఫాఁ అనే చిత్రకారుడితో కలిసి ప్యూరిజం అనే వాదం లేవదీశాడు. వాళ్ల బొమ్మల్లో సీసా ఒళ్లు పక్కనుంచి చూసినట్టు నిటారుగా ఉంటుంది, మూతి మాత్రం పైనుంచి చూసినట్టు నిండు గుండ్రం. ఇల్లు కట్టేముందు ఇంజినీరు గీసే ప్లాను, ఎలివేషను రెండూ ఒకే కాగితం మీద పడ్డట్టు. 1920లో ఆయన వేసిన పళ్లేల దొంతర బొమ్మలో ఇది తేటగా కనిపిస్తుంది. తెలివైన బొమ్మలే. కానీ వాటిలో ఏ గిన్నెలోనూ ఎవరూ ఎప్పుడూ వండుకోలేదనిపిస్తుంది నాకు. వంటింటి వాసన మళ్లీ రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

దానికి పెద్ద గుర్తింపు ఇంకా తర్వాత వచ్చింది. 1957లో బ్రెజిల్‌లోని సావో పావులో నగరంలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. చిత్రకళ రాజధాని పారిస్ నుంచి న్యూయార్క్‌కు మారిపోయిందని అందరూ అనుకుంటున్న రోజులవి. కాన్వాసును నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగు చిలకరించిన జాక్సన్ పొలాక్ అంతకుముందు ఏడాదే కారు ప్రమాదంలో పోయాడు. ఆయన బొమ్మలు కూడా ఆ ప్రదర్శనకు వచ్చాయి. అయితే చిత్రకళకు గ్రాండ్ ప్రైజ్ మొరాందీకి ఇచ్చారు. అంతర్జాతీయ చిత్రకళా బహుమతి బెన్ నికల్సన్‌కు దక్కింది. గోడంత కాన్వాసుల కాలంలో బల్ల మీది సీసాలకొకటి, జగ్గులకొకటి.

నికల్సన్ ఇంట్లో జగ్గులు వారసత్వం. 1894లో పుట్టాడు. తండ్రి విలియం నికల్సన్ ఇంగ్లండులో పేరున్న చిత్రకారుడు. వెండి గిన్నె మీద మెరుపును పట్టుకోవడంలో ఘనుడు. చారల జగ్గులు, చుక్కల కప్పులు సేకరించి ఇంటినిండా పెట్టేవాడు. కొడుకు కుర్రవాడిగా ఉండగా 1911లో వేసిన బొమ్మ కూడా ఒక చారల జగ్గే. పెద్దయ్యాక తన స్టిల్ లైఫ్‌లు క్యూబిస్టుల దగ్గర్నుంచి కాదు, నాన్న జగ్గుల దగ్గర్నుంచి మొదలయ్యాయని చెప్పుకున్నాడు.

తండ్రి మెరుపును కొడుకు మొదట పూర్తిగా వదిలేశాడు. 1933 చివర్లో, సుద్ద పూసిన అట్ట మీద గీతలు గీరుతుంటే, రెండు గీతలు కలిసినచోట ఒక పెచ్చు ఊడిపడింది. పాడైందని పక్కన పెట్టేయలేదు. ఊడిన చోట లోతు కనిపించింది, ఆ లోతుతోనే బొమ్మ చేయవచ్చనుకున్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పారిస్‌లో నైరూప్య చిత్రకారుడు మోంద్రియాన్ స్టూడియో చూసి వచ్చాడు. తెల్లటి గోడలు, వాటి మీద రంగు చతురస్రాలు. ఆ ఏడాది నుంచి తెల్ల రిలీఫులు చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కలో తొలిచిన ఒక వలయం, ఒక చతురస్రం, అంతటా తెల్లరంగు. రంగంటూ ఏదైనా ఉందంటే అది అంచున పడే నీడే.

జగ్గులు వెళ్లిపోయాయి అనుకుంటాం. వెళ్లలేదు. 1939 ఆగస్టులో, రెండో ప్రపంచయుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, నికల్సన్, ఆయన భార్య అయిన శిల్పి బార్బరా హెప్‌వర్త్, ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు పిల్లలతో లండన్ వదిలి కార్న్‌వాల్ తీరంలో సెంట్ ఐవ్స్ దగ్గరికి చేరారు. అక్కడ చిన్న సైజు బొమ్మలే ఎక్కువగా వేశాడు. వాటిలో కిటికీ గట్టు మీదికి కప్పులు తిరిగొచ్చాయి. 1943, 1945 మధ్య వేసిన ఒక బొమ్మ ఇప్పుడు బ్రిటన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. వెనక రేవు, పడవలు, ఇళ్ల కప్పులు. ముందు కప్పులు, వాటి మధ్య చిన్న బ్రిటిష్ జెండా. యుద్ధం అయిపోయిందని ఆ వంటింటి కప్పులే చెబుతున్నట్టుంటుంది.

యుద్ధం తర్వాత ఆయన చేతిలో జగ్గు మూతికి ఏమైందో చూడండి. హార్డ్‌బోర్డు మీద రంగు పూసి, బ్లేడుతో గీకి, మళ్లీ పూసి, అరిగిన గచ్చు నేలలాంటి ఒళ్లు తెచ్చేవాడు. దాని మీద చెక్కిన పెన్సిల్‌తో సన్నటి గీత. ఒక జగ్గు అంచు మొదలై, పక్క గ్లాసులోంచి దూరి, అవతలి కప్పు పిడిగా తేలుతుంది. మూతి అనే కోడిగుడ్డు వలయం ఏ జగ్గుదో చెప్పలేం. రెండు మూతులు ఒకదాన్నొకటి కోసుకున్నచోట పుట్టిన ముక్కకు మాత్రం రంగు వేస్తాడు, పసుపో ఎరుపో. గాజుగ్లాసులు దగ్గరగా పెట్టి ఒకదాని గుండా ఇంకోదాన్ని చూస్తే కనిపించే చిక్కులాంటిది. బొమ్మలకు ‘డిసెంబరు 5, 1949’ లాంటి తారీఖులు పేర్లుగా పెట్టేవాడు. ఆ పేరున్న బొమ్మకే 1952లో అమెరికాలో కార్నెగీ బహుమతి వచ్చింది. 1956లో తొలి గుగెన్‌హైమ్ అంతర్జాతీయ బహుమతీ ఆయనదే.

విలియం స్కాట్ ఇంట్లో చారల జగ్గులు లేవు. 1913లో స్కాట్లాండ్‌లోని గ్రీనక్‌లో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు కుటుంబం ఉత్తర ఐర్లండ్‌లోని ఎనిస్కిలెన్‌కు వచ్చింది. తండ్రి కొట్ల ముందు సైన్‌బోర్డులు రాసే పెయింటరు. 1927లో ఊళ్లో ఒక ఇల్లు అంటుకుంటే, లోపలివాళ్లను కాపాడబోయి నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. విలియంకు అప్పుడు పద్నాలుగేళ్లు. తర్వాత బెల్‌ఫాస్ట్‌లో, లండన్‌లో చదివాడు. యుద్ధకాలంలో సైన్యంలో మ్యాపులు అచ్చువేసే విభాగంలో పనిచేశాడు. 1946లో ఆయన పారిస్ వెళ్తే అక్కడ వెయ్యేళ్ల స్టిల్ లైఫ్ చిత్రకళ మీద పెద్ద ప్రదర్శన జరుగుతోంది. అదే ఏడాది ఆయన పెనం గీశాడు. ఆ తర్వాత దాన్ని వదల్లేదు.

పిడి ఉన్న మామూలు ఇనుప పెనం. ఒక గిన్నె. కొన్ని గుడ్లు. ఒక్కోసారి పళ్లెంలో కానగంత చేపలు. స్కాట్ బల్ల మీద పూలు, ద్రాక్షగుత్తులు అరుదు, వెండి సామాను మరీ అరుదు. చిన్నప్పటి ఇంట్లో లేనిది బొమ్మలోకి పెద్దగా రాలేదు. ఆ పెనాన్ని ఆయన బెంచీ ఎక్కి పైనుంచి చూశాడు. నిండు గుండ్రం, దానికో బారు పిడి. బల్ల కూడా పైకి లేచి గోడలా నిలబడుతుంది. నల్లటి పెనం, తెల్లటి బల్ల. పెనం ఎంత ముఖ్యమో, పెనానికీ గిన్నెకీ మధ్య ఉన్న ఖాళీ అంతే ముఖ్యం. రంగును కరణీతో మెత్తినట్టు మందంగా వేసేవాడు. అంచులు కత్తిరించినట్టుండవు, చేయి వణికినట్టు కాస్త ఊగుతాయి. బోర్డులు రాసే తండ్రి చేతిలో అక్షరం ఎలా ఉంటుంది? నీడా లోతూ అక్కర్లేకుండా, దూరంనుంచే గుర్తుపట్టేలా ఉంటుంది. మ్యాపులో ఊరు ఎలా ఉంటుంది? పైనుంచి చూసినట్టు ఉంటుంది. ఆయన పెనంలో నాకు ఈ రెండూ కలిసే కనిపిస్తాయి.

1953లో స్కాట్ కెనడాలో పాఠాలు చెప్పడానికి వెళ్లి, వస్తూ వస్తూ న్యూయార్క్‌లో ఆగాడు. అక్కడి నైరూప్య చిత్రకారులు పొలాక్, రోత్కో, డి కూనింగ్, ఫ్రాంజ్ క్లైన్, అందరినీ కలిశాడు. ఆ కాన్వాసుల సైజు చూసి నోరు తెరిచాడు. అప్పటికే ఆయన బొమ్మల్లో పెనాలు మాయమై పట్టీలు, దిమ్మెలు మిగిలాయి. ఇంకొక్క అడుగు వేస్తే వాళ్లలో ఒకడై ఉండేవాడు. ఆ అడుగు వేయలేదు. తన వేళ్లు షార్దాఁ, సెజాన్‌ల బల్లల కింద ఉన్నాయని న్యూయార్క్‌లో నిలబడితేనే ఆయనకు తెలిసింది. ఇంటికొచ్చి మళ్లీ గిన్నెలు పెట్టుకున్నాడు, ఈసారి పెద్ద కాన్వాసు మీద. 1959 వేసవిలో రోత్కో ఇంగ్లండ్ వచ్చినప్పుడు సోమర్‌సెట్‌లోని పల్లెటూళ్లో స్కాట్ ఇంటికి వెళ్లాడు. రంగు దిమ్మెల్లో లోకాన్నంతా కరిగించిన మనిషి, పెనం వదలని మనిషి ఒకే ఇంట్లో కూర్చున్న ఆ రోజును నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

తర్వాతి కాలంలో స్కాట్ రంగు పలచబడింది. మందం పోయింది, వణుకూ తగ్గింది. నీలం మీద నీలం, ఒక గిన్నె నీడ, ఒక బేరిపండు ఆకారం. అందంగానే ఉంటాయి, గోడకు బాగా నప్పుతాయి. ఆ పాత పెనాలలో ఉన్న ఆకలి వాటిలో లేదు. 1946 నుంచి ఒక పన్నెండేళ్లు ఆయన వేసినవి నాకు చాలు.

ఇక మొరాందీ. బొలోన్యా నగరంలో 1890లో పుట్టి, 1964లో అక్కడే పోయాడు. వీయా ఫొందాత్సా అనే వీధిలో, పెళ్లి చేసుకోకుండా, తల్లితోనూ పెళ్లి కాని ముగ్గురు చెల్లెళ్లతోనూ జీవితం గడిపాడు. పడకగదే స్టూడియో; ఆ గదిలోకి పోవాలంటే చెల్లెళ్ల గది దాటి పోవాలి. 1930 నుంచి 1956 దాకా ఆ ఊళ్లోనే ఆర్టు అకాడెమీలో ఎచింగు, అంటే లోహపు రేకు మీద గీసి అచ్చువేసే పని, నేర్పాడు. వేసవిలో కొండల్లో గ్రిజ్జానా అనే పల్లెకు వెళ్లేవాడు. ఇటలీ దాటి వెళ్లింది బహు అరుదు, అదీ పెద్దవయసులో. తైలవర్ణ చిత్రాలు 1,300 దాటాయి. ఎక్కువభాగం స్టిల్ లైఫ్‌లే. చాలావాటి సైజు మన దినపత్రిక సగం పేజీ అంత.

సామానంతా సెకండ్ హ్యాండుదే. సీసాలు, నూనె కుప్పెలు, రేకు డబ్బాలు, పూలకూజాలు, పాత దీపాలు. వాటిని ఆయన ఉన్నవి ఉన్నట్టు గీయలేదు. ముందు వాటికే రంగు వేశాడు. సీసాల మీది లేబుళ్లు పీకేశాడు. గాజు మెరవకుండా సీసాల లోపలికి రంగు పోసి ఆరబెట్టాడు. డబ్బాలకు మెరుపులేని రంగు పూశాడు. ఆపైన దుమ్ము పడనిచ్చాడు, తుడవనివ్వలేదు. మెరుపు పోయాక, పేరు పోయాక, ఏ కంపెనీదో ఏ నూనెదో తెలియకుండా పోయాక, సీసా అంటే ఒక స్థూపం, దాని మీద సన్నటి మెడ. సెజాన్ ఉత్తరంలో చెప్పింది ఈయన చేతులారా చేసిపెట్టుకున్నాడు. నికల్సన్, స్కాట్ బొమ్మలో రూపాన్ని తగ్గించారు. మొరాందీ బొమ్మ మొదలుపెట్టకముందే, బల్ల దగ్గరే తగ్గించాడు.

తర్వాత అమర్చడం. వేర్వేరు ఎత్తుల్లో బల్లలు పెట్టుకున్నాడు, కంటి ఎత్తు మార్చడానికి. నేను మొదట చెప్పిన మూతి సంగతి ఇదే. బల్ల ఎత్తుదైతే మూతి గీత, పొట్టిదైతే కోడిగుడ్డు. 1950ల బొమ్మల్లో తరచుగా అయిదారు వస్తువులు గ్రూప్ ఫొటోకు నిలబడ్డట్టు ఒత్తుకుని ఉంటాయి. పెట్టె పైఅంచు, వెనక సీసా భుజం ఒకే గీతలో కలిసిపోతాయి. మామూలుగా ఇది తప్పు. మా మాస్టారైతే ‘ముందుదేదో వెనకదేదో తెలియాలి కదరా’ అని రబ్బరు తీసేవారు. మొరాందీ కావాలనే అంచుకు అంచు తాకించాడు. అలా తాకగానే రెండు వస్తువులు పోయి ఒక కొత్త ఆకారం వస్తుంది, దానికి పేరు లేదు. చూస్తూ ఉంటే కాసేపటికి మళ్లీ పెట్టె పెట్టెగా, సీసా సీసాగా విడిపోతాయి. ఇంకాసేపు చూస్తే కలుస్తాయి. ఒక బొమ్మ దగ్గర ఊపిరి పీల్చి వదిలినట్టు ఈ రాకపోకలు చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను. రంగులూ అంతే, గోడ సున్నం, మట్టి, విరిగిన పాల తెలుపు, అక్కడక్కడా ఒక నీలం.

బతికుండగానే ఆయన్ని నైరూప్య చిత్రకారుల పక్కన నిలబెట్టాలని చాలామంది చూశారు. బొలోన్యాకే చెందిన విమర్శకుడు, చాలాకాలం ఆయనకు దగ్గరివాడైన ఫ్రాంచెస్కో ఆర్కాంజెలీ ఆయన మీద పెద్ద పుస్తకం రాసి, ఆయన కళను ఆకారాన్ని వదిలేసిన కొత్త తరం బొమ్మలతో కలిపి చూపించాడు. మొరాందీ ఒప్పుకోలేదు. ఆ స్నేహం చెడింది. మొరాందీ వాదన వేరు. కళ్లెదుట నిజంగా కనిపించేదానికన్నా నైరూప్యమైనది ఏదీ లేదని ఆయన నమ్మకం. కప్పును కప్పు అనీ చెట్టును చెట్టు అనీ పిలవడం మనుషులుగా మనం పెట్టుకున్న గుర్తులేనని 1950ల ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఏడో తరగతిలో రబ్బరుతో చెరిపిన గుండ్రం మళ్లీ గుర్తొస్తుంది. తెలిసింది వేరు, కనపడింది వేరు.

బొలోన్యాలో ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. గది, సీసాలు, డబ్బాలు చూడవచ్చు. ఆయన వస్తువులతోపాటు బల్లల మీద పరిచిన కాగితాలు కూడా మిగిలాయి. వస్తువులను అమర్చాక ఒక్కోదాని అడుగు చుట్టూ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవాడు. చెల్లెళ్లలో ఎవరి చేయైనా తగిలి సీసా జరిగితే మళ్లీ దాని చోట్లో పెట్టాలి కదా. ఒక అమరిక అయిపోయాక అదే కాగితం మీద ఇంకో అమరిక, ఇంకో గుర్తు. గీత మీద గీత, అర్ధవలయం మీద అర్ధవలయం, పక్కన చిన్న చిన్న అక్షరాలు. 2009లో టాసిటా డీన్ అనే బ్రిటిష్ కళాకారిణి ఆ కాగితాలను మాత్రమే కెమెరాలో పట్టి ‘స్టిల్ లైఫ్’ పేరుతో చిన్న సినిమా తీసింది. అందులో ఒక్క సీసా కూడా కనిపించదు.

ఆ సినిమాలోని స్టిల్స్ చూసిన రోజు నేను వంటింట్లోకి వెళ్లి, బల్ల మీద పాత దినపత్రిక పరిచి, మా అమ్మ చెంబు, రెండు గ్లాసులు, ఊరగాయ జాడీ పెట్టాను. కళ్లు మూతులకు సమంగా వచ్చేదాకా మోకాళ్ల మీద కూర్చున్నాను. నాలుగు మూతులు నాలుగు గీతలయ్యాయి. జాడీ భుజం చెంబు అంచును తాకింది. పెన్సిల్ తీసుకుని ఒక్కోదాని అడుగు చుట్టూ గీశాను. రాత్రి వంటకు చెంబు కావాల్సొచ్చి మా ఆవిడ అన్నీ తీసేసింది. వార్తల మీద నాలుగు వలయాలు కనిపించాయి, నిండుగా, గాజు పెట్టి తిప్పినట్టు గుండ్రంగా.